వాడుకుంటేనే మిగిలే హక్కు

విశ్వవిద్యాలయాల్లో కొత్త విద్యా సంవత్సరం ఆరంభమయ్యే వేళ మన సంఘాలకు తీరిక ఉండదు. ఎవరికి ఫీజు తక్కువైంది, ఎవరి ఆదాయ ధ్రువపత్రం మండల కార్యాలయంలో ఆగింది, ఎవరికి వసతిగృహంలో చోటు దొరకలేదు అన్న విచారణలోనే నెలలు గడిచిపోతాయి. ఇది అవసరమైన సేవే. దీన్ని తక్కువ చేసి మాట్లాడటం మా ఉద్దేశం కాదు. అయితే మన బిడ్డ ఎం.ఏ. ఉర్దూలోనో, అరబ్బీలోనో, పార్సీలోనో, తెలుగులోనో, ఫ్రెంచిలోనో చేరిన మరునాటి నుంచి ఆ చదువు ఎలా సాగుతున్నదని అడిగేవారు మనలో అరుదు. ఫీజు కట్టామా, ఉపకార వేతనం వచ్చిందా అని అడుగుతాం. గ్రంథాలయానికి వెళ్తున్నావా, ఈ నెలలో ఏ పుస్తకం తెచ్చుకున్నావు అని మాత్రం అడగం.

ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది ఒక్క విషయమే. విశ్వవిద్యాలయ గ్రంథాలయం భాషా విద్యార్థికి హక్కు. కానీ ఒకసారి సంపాదించుకుంటే శాశ్వతంగా ఉండిపోయే హక్కు కాదది. వాడుకుంటేనే, ఆ వాడకం లెక్కల్లో కనిపిస్తేనే అది మిగులుతుంది.

భాషా గ్రంథాల విషయంలో హైదరాబాదు పేద నగరం కాదు. 1888లో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ ప్రాచీన అరబ్బీ గ్రంథాలను పరిష్కరించి, ముద్రించి దేశదేశాల పండితులకు అందించింది. ఆ సంస్థ నేటికీ ఉస్మానియా ప్రాంగణంలోనే ఉంది. 1891లో ఆసఫియా పేరుతో మొదలైన గ్రంథాలయమే ఈనాటి అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్య నేర్పడానికి 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. దానికి కావలసిన పాఠ్యగ్రంథాల కోసం అంతకు ముందే, 1917లో, దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ నెలకొన్నది. చరిత్ర, న్యాయశాస్త్రం, గణితం, వైద్యం వంటి శాస్త్రాలన్నీ ఆ సంస్థ ద్వారా ఉర్దూలోకి వచ్చాయి. 1958లో ఆంగ్ల బోధన కోసం వెలసిన కేంద్ర సంస్థ నేడు ఇఫ్లూగా అరబ్బీ, ఫ్రెంచి, జర్మన్, రష్యన్, స్పానిష్ వంటి భాషలను బోధిస్తున్నది. 1998లో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం గచ్చిబౌలిలో, 2016లో డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉర్దూ విశ్వవిద్యాలయం కర్నూలులో ఏర్పడ్డాయి. ఇక సాలార్‌జంగ్ మ్యూజియం గ్రంథాలయం, ఉస్మానియా ప్రాంగణంలోని ప్రాచ్య లిఖిత ప్రతుల గ్రంథాలయం, తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాల సంస్థ ఉండనే ఉన్నాయి. ఇన్ని ద్వారాలున్న నగరాలు మన దేశంలో ఎన్నో లేవు.

విశిష్టమైన భాష, లిపి, సంస్కృతి కలిగిన ఏ పౌర సముదాయానికైనా వాటిని పరిరక్షించుకొనే హక్కు ఉందని రాజ్యాంగం 29వ అధికరణం చెబుతున్నది. ఆ అధికరణాన్ని మన సభల్లో తరచుగా ఉదహరిస్తాం. అయితే ఒక భాషను పరిరక్షించడమంటే ఏమిటి? వీధి పేరు పలకపై ఆ లిపి ఉండటం కొంత. బడిలో ఆ భాష చెప్పే ఉపాధ్యాయుడు ఉండటం మరికొంత. ఆ భాషలో వందల ఏళ్లుగా పోగైన గ్రంథ సంపదను చదివి, అర్థం చేసుకొని, దానిపై కొత్తగా రాయగలిగేవారు తరతరానికీ పుడుతూ ఉండటం అన్నిటికన్నా పెద్ద భాగం. వారు తయారయ్యే చోటు విశ్వవిద్యాలయ గ్రంథాలయం.

మరి అక్కడ ఏం జరుగుతున్నది? ఏ విశ్వవిద్యాలయానికి వెళ్లినా పఠన మందిరం కిటకిటలాడుతూ ఉంటుంది. అక్కడున్న యువతీయువకులలో అత్యధికులు పోటీ పరీక్షలకు సిద్ధమవుతున్నవారు. తమ పుస్తకాలు తాము తెచ్చుకొని, ఉదయం నుంచి రాత్రి వరకు కూర్చొని చదువుకుంటారు. ఇరుకిళ్లలో నుంచి వచ్చిన పేద పిల్లలకు ఆ బల్ల, ఆ వెలుతురు, ఆ నిశ్శబ్దం ఎంత విలువైనవో మాకు తెలుసు. వారిని అక్కడి నుంచి లేపాలని మేము కోరడం లేదు. కాని పై అంతస్తులో భాషా గ్రంథాల అరల మధ్య నడిచి చూడండి. పుస్తకం వెనుక అట్టకు అంటించిన తేదీల చీటీ తెరచి చూడండి. చివరి తేదీ ఏ పాతికేళ్ల కిందటిదో అయి ఉంటుంది.

ఫోనులోనే అన్నీ దొరుకుతున్నప్పుడు అలమారల దగ్గరకు వెళ్లడమెందుకని విద్యార్థులు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. ఒక ఉదాహరణతో జవాబు చెబుతాం. గాలిబ్ ఉర్దూ దీవాన్ ఆయన బతికి ఉండగానే అయిదుసార్లు అచ్చయింది, మొదటిది 1841లో. ఆయన తానే ఏరి పక్కన పెట్టిన ఎన్నో షేర్లు, ఆయన మరణించిన అర్ధ శతాబ్దం తరువాత, భోపాల్‌లో బయటపడిన రాతప్రతి ఆధారంగా 1921లో వెలుగు చూశాయి. ఇప్పుడు ఫోనులో కనిపించే ఒక గజల్ ఏ ముద్రణలోనిది? అందులోని మాట గాలిబ్ ఉంచినదా, తీసివేసినదా? తెర మీద దానికి జవాబు తరచుగా ఉండదు. పరిష్కర్త పీఠిక, పాఠాంతరాల పట్టిక, అధోజ్ఞాపికలతో కూడిన ముద్రిత ప్రతిలో ఉంటుంది. ఆనందం కోసం చదివేవారికి ఫోను చాలు. ఎం.ఏ. పట్టా పుచ్చుకొని రేపు పాఠం చెప్పవలసినవారికి అది చాలదు.

నిఘంటువుల సంగతీ అంతే. నాలుగు సంపుటాల ఫర్హంగె ఆసఫియా, 1884 నాటి ప్లాట్స్ ఉర్దూ నిఘంటువు, 1892 నాటి స్టైన్‌గాస్ పార్సీ నిఘంటువు, తెలుగులో కలిసిపోయిన అన్యదేశ్యాల కోసం సి.పి. బ్రౌన్ 1854లో వెలువరించిన మిశ్రభాషా నిఘంటువు వంటివి పక్కపక్కన పెట్టుకొని ఒక మాటను వెతికితే కలిగే జ్ఞానం వేరు. ప్రభుత్వ కార్యాలయాల్లో గుమాస్తాలుగా జీవితమంతా గడిపిన మావంటి వారు జమాబందీ, పహాణీ, దస్తావేజు, తహశీలు అనే మాటల మధ్యనే బతికాం. ఆ మాటలు ఎక్కడి నుంచి వచ్చాయో, మొదట ఏ అర్థంలో వాడారో తెలుసుకోవాలంటే ఉర్దూ విద్యార్థి తెలుగు నిఘంటువు తెరవాలి, తెలుగు విద్యార్థి పార్సీ నిఘంటువు తెరవాలి. ఆ రెండు అలమారలూ ఒకే కప్పు కింద ఉండేది విశ్వవిద్యాలయంలోనే.

తెలుగు విభాగంలో చదివే మన పిల్లలకు కూడా ఇది వర్తిస్తుంది. ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ 1991లో వచ్చింది. ‘జల్‌జలా’ సంకలనం 1998లో, ‘వతన్’ కథా సంకలనం 2004లో వచ్చాయి. తెలుగు ముస్లింల జీవితం సాహిత్యంలోకి ఎలా వచ్చిందో పరిశోధించేవారికి ఇవి పునాది గ్రంథాలు. ఇటువంటి పుస్తకాలను పెద్ద ప్రచురణ సంస్థలు ఏటేటా ముద్రించవు. అంగడిలో ప్రతులు అయిపోయిన తరువాత వాటికి గ్రంథాలయమే ఆశ్రయం. మీ విశ్వవిద్యాలయంలో ఈ మూడూ ఉన్నాయా? ఉంటే ఎన్ని ప్రతులు? తెలుగు ఎం.ఏ. చదివే మన పిల్లలు ముందుగా ఈ చిన్న విచారణ చేయాలి.

ఇక అడ్డంకుల సంగతి. నేరమంతా విద్యార్థులదే అనడం అన్యాయం. నేడు గ్రంథాలయ సూచిక కంప్యూటరులో ఉంటుంది. పలుచోట్ల ఉర్దూ, అరబ్బీ, పార్సీ పుస్తకాల పేర్లను అసలు లిపిలో కాక రోమన్ లిపిలో ఎక్కించారు. ‘తారీఖ్’ అనే మాటలోని దీర్ఘాన్ని ఒకరు ఐ అనే ఆంగ్ల అక్షరంతో రాస్తే, ఇంకొకరు ఈ అనే ఆంగ్ల అక్షరాన్ని రెండుసార్లు వేసి రాస్తారు. ఖ్వాజా ఒక చోట ఖాజా అవుతాడు. అరబ్బీలో ‘అల్-షమ్స్’ అని రాసి ‘అష్షమ్స్’ అని పలుకుతాం. పలికినట్టు వెతికిన విద్యార్థికి, రాసినట్టు ఎక్కించిన పుస్తకం కనిపించదు. అసలు లిపిలో ఎక్కించిన చోట మరో చిక్కు. కంటికి ఒకేలా తోచే ‘యే’, ‘కాఫ్’ అక్షరాలకు అరబ్బీ కీబోర్డులో ఒక సంకేతం, ఉర్దూ కీబోర్డులో మరో సంకేతం. రెండూ ఒకటేనని కంప్యూటరుకు ముందుగా నేర్పకపోతే, పుస్తకం అరలో ఉన్నా తెర మీద ‘లేదు’ అనే జవాబు వస్తుంది. విద్యార్థి ఆ జవాబు నమ్మి వెనుదిరుగుతాడు.

రెండవ అడ్డంకి సిబ్బంది. ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి కొందరు విద్యార్థులతో కలసి మేము వెళ్లినప్పుడు, ఉర్దూ, పార్సీ పుస్తకాలు ఒకే అరలో కలగాపులగంగా ఉండటం చూశాం. కారణం అడిగితే, ఆ లిపి చదవగలిగిన ఉద్యోగి పదవీ విరమణ చేశాక ఆ స్థానంలో ఎవరూ రాలేదన్నారు. అక్కడి సిబ్బంది మర్యాదస్తులే. చదవరాని లిపిలో ఉన్న పుస్తకాన్ని ఎవరైనా సరైన చోట ఎలా పెట్టగలరు?

మూడవది వేళలు, రాకపోకలు. పాఠాలు ముగిసే సాయంత్రానికి పుస్తకాలు ఇచ్చే విభాగం మూతపడితే, పాతబస్తీ నుంచి రెండు బస్సులు మారి వచ్చే ఆడపిల్లకు ఆ గ్రంథాలయం ఉన్నా లేనట్టే. నాలుగవది బెరుకు. ఇంట్లో తొలిసారి విశ్వవిద్యాలయం గడప తొక్కిన బిడ్డకు కౌంటరు దగ్గర నిలబడి అడగడానికే ధైర్యం చాలదు. దేశంలో ఇరవై ఏళ్లు నిండిన ముస్లింలలో పట్టభద్రులు, డిప్లొమా పొందినవారు కలిపి 4 శాతం కూడా లేరని 2006లో సచార్ కమిటీ నివేదిక తేల్చింది. అటువంటి ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలకు గ్రంథాలయం వాడటం నేర్పే అన్నలు, అక్కలు ఇంట్లో ఉండరు. ఆ పని ఎవరో ఒకరు చేయాలి.

కావున విద్యార్థులకు తెలియవలసిన కొన్ని విషయాలు ఇక్కడ చెబుతున్నాం. సూచికలో ఒకసారి వెతికి వదిలేయవద్దు. పుస్తకం పేరును మూడు రకాల వర్ణక్రమాలతో, ఆపైన రచయిత పేరుతో, ఆపైన విషయంతో వెతకండి. అప్పటికీ దొరకకపోతే సంఖ్య పట్టుకొని అరల దగ్గరకే వెళ్లండి. డ్యూయీ దశాంశ పద్ధతి పాటించే గ్రంథాలయాల్లో ఉర్దూ సాహిత్యం 891.439, పార్సీ సాహిత్యం 891.55, అరబ్బీ సాహిత్యం 892.7, తెలుగు సాహిత్యం 894.827 సంఖ్యల కింద ఉంటాయి. నిఘంటువులు, వ్యాకరణాలు వేరే చోట, నాలుగు వందల వరుసలో ఉంటాయి: ఉర్దూకు 491.439, తెలుగుకు 494.827. ఒక పుస్తకం కోసం వెళ్లినప్పుడు దానికి ఇరుపక్కలా ఉన్న పుస్తకాలను కూడా తీసి చూడండి. పరిశోధనకు పనికివచ్చే పుస్తకాలు సగం అలాగే దొరుకుతాయి.

మీ గ్రంథాలయంలో లేని పుస్తకం మరో గ్రంథాలయంలో ఉండవచ్చు. డెల్‌నెట్ వంటి వ్యవస్థల్లో సభ్యత్వం ఉన్న గ్రంథాలయాలు ఒకదాని నుంచి మరొకటి పుస్తకాలు తెప్పించగలవు. కర్నూలులో చదివే విద్యార్థి ఈ సదుపాయం తన గ్రంథాలయంలో ఉందా అని గ్రంథపాలకుణ్ణి అడగాలి. దేశంలోని విశ్వవిద్యాలయాలకు సమర్పించిన పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథాలు లక్షల సంఖ్యలో శోధ్‌గంగలో ఉచితంగా లభిస్తాయి. కొత్త పరిశోధనాంశం ఎంచుకొనే ముందు అక్కడ చూడటం తప్పనిసరి. ఖరగ్‌పూర్ ఐఐటి నడిపే జాతీయ డిజిటల్ గ్రంథాలయం, పాత ఉర్దూ పుస్తకాల ప్రతిబింబాలు ఉంచిన రేఖ్తా కూడా ఉపయోగకరమైనవే. వాటిలో చూసిన పుస్తకానికి సైతం ముద్రణ సంవత్సరం, ప్రచురణకర్త, పుట సంఖ్య రాసుకోవాలి. ఆ మూడూ లేని ఉల్లేఖనం పరిశోధనలో చెల్లదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కార్యాలయాల్లో పనిచేసిన మాకు తెలిసిన సత్యం ఒకటుంది: కాగితం మీద లేని అవసరం ప్రభుత్వం దృష్టిలో లేనట్టే. ఏ గ్రంథాలయమైనా పుస్తకాల కొనుగోలుకు నిధులు పంచేటప్పుడు, ఖాళీ పోస్టు నింపాలా వద్దా అని ఆలోచించేటప్పుడు, చోటు చాలక పాత పుస్తకాలను గోదాముకు పంపేటప్పుడు ముందుగా చూసేది ఎన్ని పుస్తకాలు ఇచ్చారు, ఎవరు తీసుకున్నారు అనే లెక్కనే. ఉర్దూ విభాగంలో నూరుమంది చదువుతూ ఏడాదికి ఇరవై పుస్తకాలు కూడా తీసుకోకపోతే, ‘చదివేవారు లేరు’ అని ఫైలులో ఒక్క వాక్యం రాయడానికి ఎవరికీ దురుద్దేశం అక్కరలేదు. లెక్కే ఆ వాక్యం రాయిస్తుంది. ఆ వాక్యం మీద సంతకాలు పడ్డాక దాన్ని చెరపడం ఎంత కష్టమో మాకు బాగా తెలుసు. కొత్త పుస్తకాలు రావు. కొత్తవి రానందున విద్యార్థులు ఇంకా తగ్గుతారు. తగ్గినందున పోస్టు రద్దవుతుంది. తరువాత మనం ధర్నా చేస్తాం. అప్పటికి ఆలస్యమవుతుంది.

కనుక చదవండి, చదివినట్టు లెక్కలో ఉండనివ్వండి. పుస్తకం అక్కడే నిలబడి చూసి తిరిగి అరలో దూర్చేస్తే ఆ చదువు ఏ రిజిస్టరుకూ ఎక్కదు. ఇంటికి ఇచ్చేదైతే మీ కార్డు మీద తీసుకోండి. అక్కడే చదివేదైతే, చదివాక బల్ల మీద వదలండి; బల్లల మీది పుస్తకాలను లెక్కించే పద్ధతి అనేక గ్రంథాలయాల్లో ఉంది, లేనిచోట పెట్టమని కోరండి. కావలసిన పుస్తకం లేకపోతే నోటిమాటగా అడిగి ఊరుకోకుండా, కొనుగోలు సూచన పత్రం నింపి విభాగాధ్యక్షుడి సంతకంతో ఇవ్వండి, ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి. 1931లో ఎస్.ఆర్. రంగనాథన్ ప్రకటించిన గ్రంథాలయ సూత్రాలు పుస్తకం ఉన్నది వినియోగం కోసమేననీ, ప్రతి పుస్తకానికీ పాఠకుణ్ణి చేర్చడం గ్రంథాలయం బాధ్యత అనీ చెబుతాయి. ఆ బాధ్యతను గుర్తు చేయడానికి విద్యార్థి చేతిలో ఒక కాగితం ఉండాలి.

పెద్దలమైన మనం చేయవలసినదీ ఉంది. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఏ ప్రభుత్వ విశ్వవిద్యాలయాన్నైనా అడగవచ్చు: గత అయిదేళ్లలో భాషలవారీగా ఎన్ని పుస్తకాలు కొన్నారు, ఎంత ఖర్చు చేశారు, ఎన్ని గ్రంథాలయ పోస్టులు ఖాళీగా ఉన్నాయి? ముప్పై రోజుల్లో సమాధానం ఇవ్వవలసి ఉంటుంది. ఆ సమాధానం చేతికి వచ్చాకే వినతిపత్రం రాయాలి. ఆ వినతిపత్రంలో మేము కోరవలసినవి నాలుగే. ఉర్దూ, అరబ్బీ, పార్సీ పుస్తకాల సూచిక అసలు లిపిలోనూ, రోమన్ లిపిలోనూ ఉండాలి. ఆ లిపులు చదవగలిగిన గ్రంథాలయ ఉద్యోగి కనీసం ఒక్కరైనా ఉండాలి. పుస్తకాలు ఇచ్చే విభాగం పాఠాలు ముగిసిన తరువాత కూడా తగినంత సేపు పనిచేయాలి. కొత్తగా చేరిన భాషా విద్యార్థులకు మొదటి నెలలోనే, వారి విభాగానికి సంబంధించిన అరల మధ్యనే, గ్రంథాలయ పరిచయ తరగతి జరగాలి. వీటిలో ఏదీ గొంతెమ్మ కోరిక కాదు. చాలా గ్రంథాలయాలు వాడే కోహా వంటి ఉచిత సాఫ్ట్‌వేరు అసలు లిపిలో సూచికకు వీలు కల్పిస్తున్నది.

ఈ చదువుతో ఏం ఉద్యోగం వస్తుందని తల్లిదండ్రులు అడుగుతారు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2022లో రాష్ట్రమంతటా ఉర్దూను రెండవ అధికార భాషగా గుర్తించాయి. ఆ గుర్తింపు ఆచరణలోకి రావాలంటే రెండు భాషల్లోనూ పట్టున్న అనువాదకులు కావాలి. అంతకన్నా ముఖ్యమైనది మరొకటుంది. హైదరాబాదు రాజ్యంలో 1880ల వరకు పార్సీ, ఆ తరువాత ఉర్దూ పరిపాలనా భాషలు. మన వక్ఫు భూముల, ఇనాముల, దర్గాల, ఖబరస్తాన్‌ల పాత పత్రాలు, ముంతఖబులు ఆ భాషల్లోనే ఉన్నాయి. ఒక ఖబరస్తాన్ హద్దుల వివాదం న్యాయస్థానానికి చేరిన రోజున, షికస్తా రాతలో ఉన్న పార్సీ పత్రాన్ని తప్పు లేకుండా చదివి తెలుగులోకో ఆంగ్లంలోకో మార్చగలిగినవారు ఎంతమంది ఉన్నారు? ఉన్నవారిలో అరవై దాటినవారు ఎంతమంది? వారి తరువాత ఆ పని చేయవలసినవారు ఈనాడు ఎం.ఏ. పార్సీలో, ఉర్దూలో ఉన్న ఆ కొద్దిమంది పిల్లలే. తరగతి గదిలోని నోట్సుతో వారికి ఆ విద్య రాదు. పాత గ్రంథాలు, పాత నిఘంటువులు, లిఖిత ప్రతులు ఏళ్ల తరబడి తిరగేస్తే వస్తుంది.

అందుచేత ప్రతి పట్టణంలోని మన విద్యా సంఘాలకు మా విజ్ఞప్తి ఇది. ఈ ఏడాది ఫీజులకు సాయం చేసిన ప్రతి భాషా విద్యార్థితో నెలకు ఒకసారి మాట్లాడండి; ఏ పుస్తకాలు తీసుకున్నారో అడిగి రాసుకోండి. సీనియరు విద్యార్థి ఒకరిని కొత్తవారికి తోడు ఇచ్చి గ్రంథాలయంలో ఒక పూట తిప్పించండి. ఆడపిల్లలు ఆలస్యంగా తిరిగి రావలసిన రోజుల్లో వారు కలిసి ప్రయాణించే ఏర్పాటు చేయండి. మీ ఇళ్లలో అటకల మీద పెద్దలు వదిలిన ఉర్దూ, పార్సీ పుస్తకాలు ఉంటే పాత కాగితాల వారికి తూకానికి వేయవద్దు. జాబితా రాసి, రసీదు పుచ్చుకొని విశ్వవిద్యాలయానికి అప్పగించండి. వచ్చే విద్యా సంవత్సరం ముగిసేసరికి ఒక్కో భాషా విద్యార్థి కార్డు మీద కనీసం ఇరవై పుస్తకాలు నమోదైతే, మన వినతిపత్రానికి జతచేయడానికి అంతకన్నా బలమైన కాగితం మరొకటి అక్కరలేదు.